శిరీష గొంతు

మా మామకు ఈ మధ్యే చెవి మిషన్ పెట్టించారు. మా ఆయన సూరత్ దగ్గరి జోల్వాలో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ, అందుకని మేమిద్దరం ఇప్పుడు అక్కడే ఉంటున్నాం. అత్తామామలు మాత్రం నవాగామ్‌లోని పాత రూముల్లోనే ఉండిపోయారు. ఆ మిషన్ పెట్టించుకోవడానికి మామను ఒప్పించేసరికి మా ఆయనకు తాతలు దిగొచ్చారు. పెట్టించుకున్నాక మాత్రం ఇంట్లో పండగే. చూడ్డానికి వెళ్లిన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, ఏమేం వినిపిస్తున్నాయో ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. కుక్కర్ కూత, కిటికీ రేకు మీద పావురాల గోళ్లు, పక్కింటి గుజరాతీ ఆవిడ చెప్పుల టపటప. "మీ అత్త గురక గూడ ఇనవడుతున్నది బిడ్డా. గిన్నేండ్లు ఎంత నిమ్మలంగ పన్ననో ఇప్పుడు తెలుస్తున్నది" అని నవ్వాడు. లోపల కూరగాయలు తరుగుతున్న అత్త ఏదో గొణిగింది. అది కూడా వినిపించిందని వేలెత్తి చూపించి మళ్లీ నవ్వాడు.

చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. సాసర్‌లో పోసుకుని రెండు గుక్కలు తాగి, నవ్వు మాని, నా మొహంలోకి చూసి అడిగాడు. "బిడ్డా, మన శిరి గొంతు ఎట్లుంటుండె?"

శిరి అంటే శిరీష. మామ కూతురు, నా ఆడబిడ్డ. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు పోయింది. అప్పటికి దానికి పదహారు నిండి పదిహేడు నడుస్తోంది. ఆ పిల్ల మాటలు నేర్చుకునే నాటికే మగ్గాల మోతకు మామ చెవులు పోయాయి. అంటే కన్నకూతురి గొంతు ఆయన ఎన్నడూ సరిగ్గా విన్నది లేదు. అంత కాలం ఒకే ఇంట్లో ఉన్నా ఈ సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు. "చాయ్ చల్లారుతున్నది, తాగుండ్రి మామా" అన్నాను. ఆయన తాగాడు కానీ కళ్లు నా మీద నుంచి తీయలేదు.

నేను కొత్త కోడలిగా సూరత్ వచ్చింది లాక్‌డౌన్‌కు ముందటి చలికాలంలో. మాదీ మగ్గాల ఇల్లే, సిరిసిల్ల దగ్గర. మోత నాకు కొత్త కాదు. కానీ ఈ ఇంటి గొడవ వేరు. మొదటి వారమంతా ఇంటిల్లిపాదీ నా మీద ఒంటికాలి మీద లేస్తున్నారనుకున్నాను. అత్త "ఉప్పేసినవా?" అని అడిగితే చేతిలో గరిట జారిపోయేది. మామ "నీళ్లు తే" అంటే పక్కింటి పిల్లలు తొంగిచూసేవారు. మా ఆయన కూడా పెళ్లిచూపుల్లో పూసుకున్న మర్యాదంతా బస్సులోనే వదిలేసి వచ్చినట్టు, ఇంట్లో అడుగుపెట్టగానే కేకలే. ఒకరోజు వంటింట్లో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే వెనక నుంచి ఎవరో నెమ్మదిగా నా భుజం తట్టారు. "వదినె, ఎవ్వలు కొట్లాడుతలేరు. చాయ్ అయిందా అని అడుగుతున్నరు, గంతే." ఆ ఇంట్లో నేను విన్న మొదటి మామూలు గొంతు అది. తర్వాత నాకు అర్థమైంది. మామకు వినపడదని అరవడం అలవాటై, చివరికి ఒకరితో ఒకరు కూడా అలాగే మాట్లాడుకునే ఇల్లు అది. అరవని మనిషి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే.

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో మంచం మీద, మంచం కింద, టీవీ మీద, ఎక్కడ చూసినా చీరల కట్టలే. మార్కెట్ నుంచి వచ్చిన చీరలకు వేలాడే పోగులు కత్తిరించి, అంచుకు లేసు కుట్టి, మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇచ్చేది అత్త. కొత్త పాలిస్టర్ వాసన, మామ బట్టల్లోని యంత్రాల నూనె వాసన, పల్లీనూనెలో వేగిన పోపు వాసన అన్నీ కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. మొదట్లో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా కొత్త చీరల దుకాణం ముందు నుంచి వెళుతుంటే ఆ ఇల్లే గుర్తొస్తుంది. వెనక సందంతా మగ్గాల షెడ్లే కావడంతో మా గోడలు ఎప్పుడూ సన్నగా వణుకుతుండేవి. అలమరలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ ఉండేవి. మామ కార్ఖానా నుంచి కనుబొమ్మల నిండా నూగుతో వచ్చి, చేతులు కడుక్కునే ముందే గోడకు అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. మగ్గాలు నడుస్తున్నాయో లేదో ఆయన అలా తెలుసుకునేవాడు.

ఆయనతో మాట్లాడాలంటే అరిచే పనేమీ లేదని నాకు చెప్పింది శిరీషే. "అరిస్తె మూతి వంకర పోతది వదినె. బాపు చూసేది మూతినే గద. నువ్వు ఎంత ఒర్రితె ఆయనకు అంత తెల్వది." మగ్గాల మధ్య పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు. మోతలో అది ఎలాగూ వినిపించదు. షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరికి పెదవులు కదిపి, చేతులు ఆడించి మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, చూపుడువేలు గిర్రున తిప్పితే నూలు చుట్టిన కండె అయిపోయిందని, బొటనవేలు నోటికి ఆనిస్తే చాయ్ తాగావా అని. చిన్నప్పటి నుంచి కార్ఖానాకు మామ అన్నం డబ్బా మోసుకెళ్లి శిరీష అదంతా పట్టేసింది. ఇంట్లో కూడా తండ్రితో అలాగే మాట్లాడేది. గొంతు లేకుండా, ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటకు పెదవులు శుభ్రంగా కదిపి. స్కూల్లో అల్లరి చేసి మాస్టారుతో తిట్లు తిన్నది, పానీపూరీ బండివాడు పడిపోయింది, అన్నీ అలాగే చెప్పేది. మామ ఇంట్లో అందరితో ముక్తసరిగా ఉండేవాడు. ఆమెతో మాత్రం గంటలు గంటలు. పక్క గదిలో ఉన్న మాకు మామ నవ్వు ఒక్కటే వినిపించేది.

మధ్యాహ్నాలు చీరల గుట్టకు అటూ ఇటూ కూర్చుని నాకు ఆ భాష నేర్పింది. నేను తప్పు చదివితే నవ్వేది కానీ, ఆ నవ్వులో ఎగతాళి ఉండేది కాదు. ఆ పిల్ల ఎవరినీ చిన్నబుచ్చలేదు. చపాతీ నేను మాడ్చితే "నేనే చూడలె అమ్మా" అని తిట్లు తన మీద వేసుకునేది. ఫోన్‌లో క్లాసులు మొదలయ్యాక తన చిన్న ఫోన్ ముందే పక్కింటి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకునేది. అలాగని దేవతేమీ కాదు. పొద్దున లేపితే ఒక పట్టాన లేచేది కాదు. ఫలహారానికి ఖమణ్ తెమ్మని పంపితే దారిలోనే సగం తినేసి, "దుకాణపాయన తక్కువ జోకిండు" అని కళ్లార్పకుండా చెప్పేది. పచ్చిమిర్చి ముక్క ఇంకా పంటికిందే ఉండేది.

తర్వాత లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయాయి. మాలో ఎవ్వరమూ అంతటి నిశ్శబ్దం ఎరగం. మా సందులో సగం రూములు ఖాళీ అయ్యాయి. కడుపు చేత పట్టుకుని వచ్చినవాళ్లు ఎలా వచ్చారో అలాగే వెళ్లిపోయారు. మేము పోలేదు. పోవడానికి ఊళ్లో మాకు గోడ కూడా మిగల్లేదు. గాజు గ్లాసులు చప్పుడు మానేశాయి. మామ పొద్దస్తమానం గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు. వినపడని మనిషికి కూడా నిశ్శబ్దం బాధ పెడుతుందని అప్పుడు చూశాను. "దీని పానం పోయినట్టున్నది" అనేవాడు గోడను చూపించి. శిరీష వెళ్లి పక్కన నిలబడి తనూ చెయ్యి ఆనించేది. ఇద్దరూ అలా గోడ పట్టుకుని నిలబడితే అత్తకు ఒళ్లు మండేది. "ఏంది గా గోడకేం జూస్తున్నరు? వచ్చి ఉల్లిగడ్డ కోయుండ్రి."

అయితే మామను నిజంగా దెబ్బతీసింది మాస్కు. లోకమంతా మూతి కప్పుకునేసరికి ఆయనకు చదవడానికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు రేషన్‌కు వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. అక్కడి మనిషి ఏదో అన్నాడట. ఏమన్నాడో తెలియక మామ తల ఊపాడట. వెనకున్నవాళ్లు తోశారట. ఇంతే చెప్పి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అంతకాలం తన చెవుల సంగతి బయటివాళ్లకు తెలియకుండా నెట్టుకొచ్చిన మనిషి. ఆ సిగ్గు నాకు అర్థమైంది. ఆ మర్నాటి నుంచి ఆయన ఎక్కడికి వెళ్లినా శిరీష వెంట వెళ్లింది. అవతలివాళ్లు చెప్పింది విని, రెండడుగులు పక్కకు జరిగి, మాస్కు కిందికి లాగి, పెదవులతో తండ్రికి చెప్పేది. మళ్లీ మాస్కు పైకి. అది చూసి మా వరసలోనే ఉండే, ఒకప్పుడు కండెలు చుట్టిన లస్మవ్వ కూడా పిల్లను తోడు పిలవడం మొదలుపెట్టింది. మగ్గాల్లో చెవులు పోగొట్టుకున్న ముసలివాళ్లు మా సందులో చాలామందే ఉన్నారు. డాక్టరు దగ్గరికి, మందుల షాపుకు, టీకాలు మొదలయ్యాక ఆ క్యాంపుకు, అందరికీ శిరీషే కావాలి. కాదనడం ఆ పిల్లకు చేతకాదు.

అత్త తల బాదుకుంది. "మాస్కు పెట్టుకునేది ఎందుకు, మాటిమాటికి గుంజెటందుకా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఈసారి నిజంగానే అరిచింది. శిరీష చీరల ప్లాస్టిక్ కవర్ ఒకటి తీసుకుని, ముక్క చదరంగా కత్తిరించి, మాస్కు మధ్యలో చిల్లు చేసి, కుట్టు మిషన్ మీద కుట్టింది. అద్దంలాంటి కవర్ కదా, నోరు కనిపిస్తుందని. ఆ ఉపాయం చీరలు మడతపెట్టే ఇంట్లో పిల్లకు తప్ప ఇంకెవరికి వస్తుంది! పెట్టుకుని వచ్చి తండ్రి ముందు కూర్చుంది. రెండు మాటలకే కవరంతా ఆవిరి కమ్మింది. మామ కళ్లు చికిలించి చూసి, "నీ మూతికి మబ్బు వట్టింది బిడ్డా" అన్నాడు. అందరం నవ్వాం. సబ్బు రాసి చూసింది, చిల్లు పెద్దది చేసి చూసింది. ఊపిరాడక చివరికి వదిలేసింది. మళ్లీ మామూలు మాస్కు, మళ్లీ కిందికి లాగడం. అందువల్లే జబ్బు అంటుకుందని నేను అనను. అప్పుడు ఎవరికి ఎలా వచ్చిందో ఎవరికి తెలుసు? గడప దాటనివాళ్లకూ వచ్చింది. కానీ మామ మనసులో మాత్రం అదే ఉండిపోయింది. నన్ను ఎప్పుడూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

జ్వరం వచ్చిన మూడో రోజుకే ఆయాసం. ఆసుపత్రిలో మంచం దొరికే వరకు మా ఆయన ఆటోలో పెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఎలాగో దొరికింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. అక్కడి నర్సమ్మ ఒకామె దయగల మనిషి. కేరళ అమ్మాయి. సాయంత్రం తీరిక చూసుకుని తన ఫోన్‌లో వీడియో కలిపేది. మొదటిసారి కలిపినప్పుడు మేమందరం ఫోన్ చుట్టూ మూగాం. ముక్కూ నోరూ మూసేసి ఆక్సిజన్ మాస్కు, పైన రెండు కళ్లు. అత్త, నేను, మా ఆయన ఏవేవో మాట్లాడాం. ఆమె తల ఊపింది. ఫోన్ మామ చేతికి ఇచ్చేసరికి ఆ పిల్ల చెయ్యి పైకి వెళ్లింది. మాస్కు పక్కకు జరిపింది. పెదవులు కదిపి "బాపూ" అంది. ఇంకేదో చెప్పబోయింది. చెబుతూనే ఆయాసంతో మెడ నరాలు తేలాయి. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి మాస్కు సర్ది గట్టిగా కోప్పడింది. మామకు ఆమె మాటలు వినిపించలేదు కానీ కూతురి మెడను చూశాడు. ఫోన్ నా చేతిలో పెట్టి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఫోన్ వచ్చే వేళకు ఆయన ఇంట్లో లేడు. మళ్లీ మూతపడిన కార్ఖానా మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్లి పిలిస్తే, "నేను రాను బిడ్డా. నన్ను చూస్తె అది మాస్కు తీస్తది" అన్నాడు. ఎంత చెప్పినా కదల్లేదు. ఇంట్లో అత్త ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది. స్క్రీన్‌లో శిరీష కళ్లు మా వెనక ఎవరికోసమో వెతుకుతున్నాయి. మామ ఎందుకు రాలేదో చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. చెప్పకపోతే బాపుకు కోపం వచ్చిందనుకుంటుందేమో అనిపించింది. "శిరీ, నువ్వు మాస్కు తీస్తవని వస్తలేడమ్మా" అన్నాను. ఆ కళ్లు కాసేపు అలాగే నన్ను చూశాయి. తర్వాత చిన్నగా నవ్వాయి. మాస్కు పైన కూడా నవ్వు తెలిసింది. సూది గుచ్చిన చెయ్యి మెల్లగా దుప్పటి లోంచి తీసి, మాస్కును ముట్టుకోకుండా, రెండు వేళ్లు కత్తెరలా ఆడించి చూపించింది. మాస్కు తీయకుండానే చేతులతో మాట్లాడొచ్చని అప్పుడు తట్టి, నేను ఫోన్ పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కార్ఖానాకు పరుగెత్తాను.

ఆ తర్వాత వాళ్లిద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. మోత లేని చోట, మగ్గం లేని చోట మగ్గాల భాష. ఆమె బొటనవేలు మాస్కు వైపు చూపించి, చాయ్ తాగావా అని అడిగింది. మామ తాగానన్నాడు. తాగలేదు, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అరచెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించి మగ్గాలు నడుస్తున్నాయా అని అడిగింది. నడుస్తున్నాయన్నాడు. అదీ అబద్ధమే. అన్నీ మూసే ఉన్నాయి. ఆయన ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, కుడిచేత్తో గబగబా ఇంకేవేవో చెబుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి అలసిపోయి దుప్పటి మీద వాలిపోయింది. కళ్లు మాత్రం చూస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇంకో రెండు సాయంత్రాలు అలా గడిచాయి. మూడో సాయంత్రం ఫోన్ రాలేదు. మా ఆయన ఒక్కడే వెళ్లి, దూరంగా నిలబడి, అన్నీ అయిపోయాక వచ్చాడు. మామ వెళతానని పట్టుపట్టలేదు, ఏడవనూ లేదు. లస్మవ్వ మాత్రం మా గుమ్మం ముందు నేల మీద కూర్చుని, మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరో లేపే వరకు కదలకుండా ఏడ్చింది.

ఇప్పుడు ఆ సందు చాలా మారింది. పాత మగ్గాలు తుక్కు కింద పోయాయి. మా ఆయన పనిచేసే చోట కొత్త మిషన్లు. కుర్రాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తారు. ఏదైనా చెప్పాలంటే ఒకరికొకరు ఫోన్‌లో రాసుకుంటారు. మంచిదే, చెవులు మిగులుతాయి. వాళ్లను చూసి నేను అయ్యో అనుకోను. పోగు తెగిందని వేళ్లు ఆడించేవాడు ఒక్కడు కూడా కనబడలేదే అని మాత్రం ఒకసారి వెతికాను. మామ ఆ తర్వాత మళ్లీ మగ్గం ఎక్కలేదు. అత్త అరవడం మానేసింది. ఆ ఇంట్లో ఇప్పుడు అందరూ మెల్లగానే మాట్లాడతారు. అలా కావాలని ఆ పిల్ల ఎంత కోరుకుందో!

చాయ్ అయిపోయింది. మామ సాసర్ కింద పెట్టి ఇంకా చూస్తూనే ఉన్నాడు. శిరీష గొంతు ఎక్కడైనా ఉందేమోనని మా ఆయన చేత ఫోన్లన్నీ వెతికించాడని అప్పుడు తెలిసింది. ఉన్నవి రెండు మూడు వీడియోలు. ఒకదానిలో గర్బా పాట మోత, ఇంకోదానిలో ఆమె తండ్రితో పెదవులతో మాట్లాడుతోంది. గొంతు ఎందులోనూ లేదు.

చెప్పడానికి ప్రయత్నించాను. సన్నగా ఉండేదన్నాను. కొంచెం ముక్కుతో మాట్లాడేదన్నాను. మాట చివర ఇక్కడి పిల్లల్లా సాగదీసేదన్నాను. చెబుతుంటే నాకే తెలిసిపోతోంది, ఇవేవీ ఆమె గొంతు కావని. మామ ఓపికగా విని, "జర నువ్వు అని చూపెట్టు బిడ్డా. అదెట్ల పిలుస్తుండెనో గట్ల" అన్నాడు. సిగ్గుగా అనిపించింది. అయినా గొంతు తగ్గించి, నాకు గుర్తున్నంత వరకు ఆమెలాగే, "బాపూ" అన్నాను. మిషన్ ఉన్న చెవి నా వైపు తిప్పి ఇంకోసారి అనమన్నాడు. అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నాకు ఏడుపొచ్చింది. నిజంగా ఆ పిల్ల గొంతు నేను మరిచేపోయానా అని భయం వేసింది.

మామ చెవిలోంచి మిషన్ తీసి మంచం మీద పెట్టాడు. కుర్చీ ముందుకు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఇగ ఇప్పుడు అను" అన్నాడు.

గొంతు లేకుండా, ఆ పిల్ల నాకు నేర్పినట్టు, పెదవులు మాత్రమే కదిపి అన్నాను. ఆయన కళ్లు నా మూతి మీదే నిలిచిపోయాయి. వంటింట్లో అత్త గరిట ఆపి మమ్మల్నే చూస్తోంది.

"గిదే" అన్నాడు మామ. "గిట్లనే ఉంటుండె నా బిడ్డ గొంతు."